టెక్ సందేహాలు: 20 బైట్ల బ్యాకప్

మా ఆఫీసు మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌ని రోజూ రాత్రి బ్యాకప్ తీయడానికి పైథాన్ స్క్రిప్ట్ రాసి క్రాన్‌లో (చెప్పిన వేళకి పనులు నడిపేది) పెట్టాను. అందులో ఓఎస్.సిస్టమ్‌తో డేటాబేస్‌ని బయటికి రాసిచ్చే మైఎస్‌క్యూఎల్‌డంప్ నడిపి, దాని అవుట్‌పుట్‌ని పైప్ ద్వారా నేరుగా, ఫైలుని కుదించే జీజిప్‌కి ఇస్తున్నాను. కమాండ్ సవ్యంగా ముగిసిందన్న గుర్తుగా సున్నా వస్తే లాగ్‌లో 'బ్యాకప్ అయింది' అని రాస్తుంది. మొన్న అవసరమై చూస్తే మూడు వారాల ఫైళ్లన్నీ 20 బైట్లే! లాగ్‌లో మాత్రం రోజూ 'అయింది' అనే ఉంది. తప్పు జరిగితే పట్టుకోవడానికి ట్రై, ఎక్సెప్ట్ కూడా పెట్టానే?
– నెల్లూరు పాఠకుడు

ఆ 20 బైట్లే అసలు ఆనవాలు. లోపల ఏమీ లేకుండా పైప్ నుంచి జీజిప్ చేసిన ఫైలు సరిగ్గా అంతే ఉంటుంది. అంటే మీ డంప్ ఒక్క అక్షరం కూడా రాయకుండానే ఆగిపోయింది. మూడు వారాల కిందట డేటాబేస్ పాస్‌వర్డ్ ఎవరైనా మార్చారేమో ముందు కనుక్కోండి. ఇలాంటి కేసుల్లో నేను మొదట అనుమానించేది దాన్నే.

మరి సున్నా ఎందుకొచ్చింది? పైప్‌లో ఎన్ని కమాండ్లున్నా షెల్ (కమాండ్లని నడిపే ప్రోగ్రామ్) చెప్పేది చివరిదాని ఫలితమే. బంతి చివర కూర్చున్నాయన్ని ఒక్కడినే అడిగి, అందరికీ వడ్డన అయిపోయిందని వంటవాళ్లకు చెప్పినట్టు. జీజిప్ తనకు అందిన ఖాళీని శుభ్రంగా చుట్టి, పని అయిందని సున్నా ఇచ్చింది. డంప్ మొరపెట్టుకున్న ఎర్రర్ క్రాన్ పంపే మెయిల్‌లోకి వెళ్లాలి. సర్వర్‌లో మెయిల్ సెట్ చేసి లేకపోతే అది ఎవరి కంటా పడదు.

ట్రై, ఎక్సెప్ట్ పట్టుకోకపోవడంలో వింతేమీ లేదు. కమాండ్ విఫలమైతే ఓఎస్.సిస్టమ్ ఎక్సెప్షన్ ఇవ్వదు, ఒక అంకె ఇచ్చి ఊరుకుంటుంది. ఆ అంకెలోనూ ఒక మెలిక ఉంది. లినక్స్‌లో కమాండ్ 1తో ఆగితే ఇది ఇచ్చేది 256. దాన్ని అలాగే స్క్రిప్ట్‌ని ముగించే సిస్.ఎగ్జిట్‌కి అప్పగించారనుకోండి, ముగింపులో ఇచ్చే ఆ అంకెకి, అంటే ఎగ్జిట్ కోడ్‌కి ఉన్న చోటు 8 బిట్లే కాబట్టి 256 కాస్తా సున్నా అయిపోతుంది. ఓడినా గెలిచినట్టే! ఈ గోతిలో నేనూ ఒకసారి పడ్డాను, తేరుకోవడానికి ఒక ఆదివారం మొత్తం పట్టింది.

కాబట్టి ఓఎస్.సిస్టమ్ వదిలేసి సబ్‌ప్రాసెస్.రన్‌కి మారండి. పైథాన్ 3.5 నుంచీ ఉంది. పైప్‌ని కూడా విడగొట్టండి. కమాండ్‌ని ఒకే స్ట్రింగ్‌గా కాకుండా లిస్టుగా ఇచ్చి, డంప్‌ని ముందు మామూలు ఫైల్లోకి రాయించండి. చెక్=ట్రూ పెడితే సున్నా తప్ప ఏది వచ్చినా కాల్డ్‌ప్రాసెస్‌ఎర్రర్ లేస్తుంది, అప్పుడు మీ ఎక్సెప్ట్‌కి పని దొరుకుతుంది. డంప్ సవ్యంగా ముగిశాకే జీజిప్. డిస్క్‌లో కాస్త ఎక్కువ చోటు పడుతుంది, పడనివ్వండి.

ఆ ఎక్సెప్షన్‌ని ఊరికే ప్రింట్ చేస్తే ఫలానా కమాండ్ ఫలానా కోడ్‌తో ఆగిందని మాత్రమే కనిపిస్తుంది, కారణం ఉండదు. కారణం ఎస్‌టీడీఎర్ర్‌లో, అంటే కమాండ్ తన ఎర్రర్లు రాసే దారిలో ఉంటుంది. దాన్ని పైప్‌గా పట్టుకుని లాగ్‌లో రాయండి. క్యాప్చర్_అవుట్‌పుట్ మాత్రం ఇక్కడ వాడకండి, డంప్ మొత్తం మెమరీలోకి వచ్చి కూర్చుంటుంది. ఇంకోటి: ఆ ఎర్రర్ మెసేజ్‌లో కమాండ్ మొత్తం ఉంటుంది. పాస్‌వర్డ్ కమాండ్‌లోనే ఇస్తుంటే అదీ లాగ్‌లోకి ఎక్కుతుంది. దాన్ని మైఎస్‌క్యూఎల్ కాన్ఫిగ్ ఫైల్లో పెట్టి, ఆ ఫైలు మీరు తప్ప ఇంకెవరూ చదవకుండా పర్మిషన్ మార్చండి.

పైప్ తప్పనిసరి అంటే పైప్‌ఫెయిల్ ఆప్షన్ ఉంది. మధ్యలో ఏ కమాండ్ తప్పినా మొత్తం తప్పినట్టు చూపిస్తుంది. కానీ ఉబుంటులో షెల్=ట్రూ అంటే నడిచేది బాష్ అనే షెల్ కాదు, డాష్ అనే ఇంకోటి. పాత డాష్‌కి పైప్‌ఫెయిల్ తెలియదు. బాష్ కావాలని ఎగ్జిక్యూటబుల్ దగ్గర విడిగా చెప్పాలి.

చివరగా, మైఎస్‌క్యూఎల్‌డంప్ పని పూర్తయితే ఫైలు ఆఖరి లైన్లో 'డంప్ కంప్లీటెడ్' అని ఇంగ్లిష్‌లో రాస్తుంది, కామెంట్లు ఆపేయకపోతే. 'బ్యాకప్ అయింది' అని లాగ్‌లో రాసే ముందు ఆ లైను ఉందో లేదో చూడండి.

టెర్మినల్లో నడిచే స్క్రిప్ట్ క్రాన్‌లో ఫైల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్ ఇస్తోంది. ఫైలు ఉంది కదా!
– ఖమ్మం పాఠకురాలు

దొరకనిది మీ ఫైలు కాదు, కమాండ్ అయి ఉంటుంది. క్రాన్ కమాండ్లని వెతికే ఫోల్డర్ల జాబితా చాలా చిన్నది. కమాండ్‌కి పూర్తి పాత్ (ఏ ఫోల్డర్లో ఉందో ఆ చిరునామా) ఇవ్వండి. షెల్ ద్వారా నడిపి ఉంటే ఇదే తప్పు 127 అనే కోడ్‌గా వచ్చేది.

చెక్=ట్రూ పెట్టాక గ్రెప్ వాడినచోటల్లా స్క్రిప్ట్ ఆగిపోతోంది.
– హైదరాబాద్ పాఠకుడు

ఫైల్లో మాటలు వెతికే గ్రెప్‌లో 1 అంటే వెతికిన మాట దొరకలేదని, అంతే. 2 వస్తేనే అసలైన తప్పు. అక్కడ చెక్ తీసేసి రిటర్న్‌కోడ్‌ని మీరే చూసుకోండి. ఫైళ్లని పోల్చే డిఫ్ కూడా ఇంతే, రెండు ఫైళ్లకీ తేడా ఉంటే 1 ఇస్తుంది. ఫోల్డర్లని కాపీ చేసే ఆర్‌సింక్‌లో 24 వస్తే కాపీ జరుగుతుండగా కొన్ని ఫైళ్లు మాయమయ్యాయని అర్థం, వాడుకలో ఉన్న ఫోల్డర్లో అది మామూలే. విండోస్ రోబోకాపీది మరీ విచిత్రం: ఫైళ్లు చక్కగా కాపీ అయితే 1, కాపీ చేయాల్సినవేమీ లేకపోతే 0. 8గానీ అంతకు మించిగానీ వస్తే అప్పుడు టెన్షన్ పడండి.