రెండో బాక్స్ కొనేముందు

చి. చిన్నోడికి, బాబాయి ఆశీస్సులు.

బేస్ గిటార్‌కి యాంప్ కొన్నావని, ఉన్న స్పీకర్ బాక్స్ చాలక రెండోదానికి బేరమాడుతున్నావని వదిన చెప్పింది. ఫోన్లో చెబితే లెక్కలు నీ చెవికెక్కవు, అందుకే రాస్తున్నా. షాపులో ఎన్ని వాట్లని అడుగుతున్నావట. ముందు అడగాల్సింది ఎన్ని ఓమ్స్ అని, అంటే బాక్స్ కరెంటుకి ఎంత అడ్డుపడుతుందని.

నీ యాంప్ వెనకాల స్పీకర్ సాకెట్ పక్కన సన్న అక్షరాల్లో ‘మినిమం 4 ఓమ్స్’ అనో, 2.67 అనో రాసి ఉంటుంది. అంతకంటే ఎక్కువ ఓమ్స్ తగిలిస్తే నీలాంటి ట్రాన్సిస్టర్ యాంప్‌కి ఏ బాధా లేదు, పవర్ కాస్త తగ్గుతుందంతే. తక్కువ తగిలిస్తేనే తంటా. మన ఊరి చెరువు తూములు గుర్తున్నాయిగా? ఒక తూము తీస్తే కొంత నీళ్లు పోతాయి, పక్కన రెండోది కూడా తీస్తే రెట్టింపు పోతాయి. బాక్సులూ అంతే, రెండోది తగిలిస్తే యాంప్ నుంచి ఇంకా ఎక్కువ కరెంటు లాగుతాయి. యాంప్‌కి రెండు సాకెట్లున్నా లోపల అవి దాదాపు ఎప్పుడూ పారలల్‌గానే, అంటే ఆ తూముల్లా పక్కపక్కనే, కలిసి ఉంటాయి. ఒక బాక్స్‌లోంచి ఇంకోదానికి కేబుల్ లాగినా అదే లెక్క. 8, 8 కలిస్తే 16 కాదు, 4. రెండు నాలుగులు కలిస్తే 2. 8తో 4 కలిపితే 2.67. రెండింటినీ గుణించి, వాటి మొత్తంతో భాగించు, వచ్చేస్తుంది.

ఈ లెక్క నేను డబ్బు తగలేసి నేర్చుకున్నా. తొంభైల్లో దసరా పందిట్లో మా ఆర్కెస్ట్రా వాయిస్తుంటే బేస్ వినపడట్లేదని కమిటీవాళ్లు గోల. ఉన్నది 4 ఓమ్స్ బాక్స్. ఇంకో 4 ఓమ్స్ బాక్స్ అరువు తెచ్చి తగిలించా. మొదటి పాట అదిరింది. నాలుగో పాటకి యాంప్ వెనక చెయ్యి పెట్టలేనంత వేడి. టేబుల్ ఫ్యాన్ తెచ్చి పెట్టాం, అదేదో జ్వరమైనట్టు! కాసేపటికి గరగరమంది, కాలిన వాసనొచ్చింది, ఆగిపోయింది. మర్నాడు మెకానిక్ మూత విప్పి, పోయిన 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు నా అరచేతిలో పెట్టాడు. ఇప్పటి యాంపుల్లో ప్రొటెక్షన్ ఉంటుంది, చాలావరకు కాలకముందే కట్ అవుతుంది. కానీ పాట మధ్యలో కట్ అయితే స్టేజీ మీద బిక్కమొహం వేసేది నువ్వేగా.

కాబట్టి యాంప్ 4 ఓమ్స్ దాకా తట్టుకునేదైతే, ఇప్పుడున్న బాక్స్ 8 ఓమ్స్ అయితే, రెండోది కూడా 8దే కొను. ఉన్నది 4 అయితే మాత్రం రెండోది కొనొద్దు. దాన్ని అమ్మేసి రెండు ఎనిమిదులకి మారు. షాపతను ‘4 ఓమ్స్ బాక్స్ అయితే ఫుల్ పవర్ వస్తుంది తమ్ముడూ’ అంటాడు. అబద్ధమేం కాదు. 4 ఓమ్స్‌కి 500 వాట్లిచ్చే యాంప్ 8కి సుమారు 300 ఇస్తుంది. కానీ చెవికి ఆ తేడా రెండు డెసిబెల్స్ పైచిలుకే. దానికోసం రెండో బాక్స్ దారి మూసుకోవడం నాకు తెలివి అనిపించదు. బేస్‌కి కావాల్సింది గాలిని కదిపే స్పీకర్లు. రెండు ఎనిమిదులు పెట్టావంటే ఆ 500 వాట్లూ వస్తాయి, స్పీకర్లూ రెట్టింపవుతాయి. యాంప్ 2.67 తట్టుకుంటుందని 8తో 4 కలపాలనుకున్నా ఆలోచించు. మూడింట రెండు వంతుల పవర్ 4 ఓమ్స్ బాక్సే తినేస్తుంది.

సెకండ్ హ్యాండ్ బాక్సులకి, మన దగ్గర వడ్రంగి చేత చేయించుకునే బాక్సులకి స్టిక్కర్ ఉండదు. కోఠి గుజరాతీ గల్లీలో ఒక మామూలు మల్టీమీటర్ కొనుక్కో. బాక్స్ కేబుల్ యాంప్ నుంచి పీకేసి, పిన్ దగ్గర కొలువు. 8 ఓమ్స్ బాక్స్ అయితే మీటర్ 6 దగ్గర చూపిస్తుంది, 4 అయితే 3, మూడున్నర. తక్కువ చూపించిందని మోసం అనుకోకు. మీటర్ కొలిచేది కాయిల్ తీగ నిరోధం ఒక్కటే. వాయిస్తున్నప్పుడు ఓమ్స్ ఒక్కో స్వరానికి ఒక్కోలా మారుతుంటాయి, పైన రాసే 8 అనేది ఒక గుర్తు లెక్క.

కేబుల్ సంగతి. గిటార్ కేబుల్‌తో బాక్స్ తగిలించొద్దు, పిన్ ఒకేలా ఉన్నా సరే. లోపలి తీగ వెంట్రుకంత సన్నం, వేడెక్కుతుంది. స్పీకర్ కేబుల్ వేరే. స్పీకాన్ సాకెట్, అంటే పిన్ తిప్పితే లాక్ అయ్యే స్పీకర్ సాకెట్, ఉంటే అదే వాడు.

ఎవరైనా ట్యూబ్ యాంప్, అంటే ట్రాన్సిస్టర్లకి బదులు గాజు వాల్వులతో నడిచేది, ఇస్తే నియమం వేరు. 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌వీటీ లాంటివాటిలో ట్యూబులకీ బాక్స్‌కీ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. వెనక స్విచ్‌ని బాక్స్ ఓమ్స్‌కి సరిపెట్టాలి. బాక్స్ లేకుండా వాయించావా, ట్రాన్స్‌ఫార్మరే పోవచ్చు. దాని కింద పెట్టే ఎనిమిది స్పీకర్ల పెద్ద బాక్స్ ఫొటోల్లో చూసే ఉంటావు. అందులో ఒక్కో స్పీకర్ 32 ఓమ్స్, ఎనిమిదీ పారలల్. ఎంతవుతుందో నువ్వే లెక్కేసి చెప్పు.

నీ యాంప్ వెనక భాగం, బాక్స్ వెనక భాగం ఫొటోలు తీసి పంపు. నేను చూసి చెప్పేదాకా అడ్వాన్స్ ఇవ్వకు.

బాబాయి