నాన్న పేరు మీద ఉన్న భూమికి రైతు భరోసా: ముందు విరాసత్ చేయించుకోండి

కల్వకుర్తి నుంచి అడిగిన మిత్రుడికి: మీ నాన్నగారు మొన్న యాసంగిలో పోయారని, మూడెకరాల ఇరవై గుంటల చెలక ఇంకా ఆయన పేరునే ఉందని, అన్నదమ్ములిద్దరూ పత్తి వేసినా వానాకాలం రైతు భరోసా (తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి సాయం) పడలేదని, కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ కూడా ఆగిపోయిందని రాశారు. దేవరకొండ వైపు మా ఇంట్లోనూ ఇదే పరిస్థితి వచ్చింది. మాకు తెలిసివచ్చింది చెబుతాను.

ఈ పథకాలు సాగు ఎవరు చేస్తున్నారో చూడవు, పట్టా ఎవరి పేరున ఉందో చూస్తాయి. 2018లో, రైతు భరోసాకు ముందున్న రైతుబంధు మొదలైన నాటి పద్ధతే ఇది. 2025 జనవరి 26న కోస్గి మండలం చంద్రవంచలో రైతు భరోసా ప్రారంభమైనప్పుడు ఎకరాకు ఏడాదికి ఇచ్చే 10 వేలు 12 వేలయ్యాయి గానీ, సొమ్ము పట్టాదారుకే వెళుతోంది. కౌలుకు చేసేవారి కష్టం లెక్కలోకి రాకపోవడానికీ ఇదే కారణం. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అందుకే ముందు విరాసత్, అంటే చనిపోయినవారి భూమిని వారసుల పేరుకు మార్పించుకోవడం. మరణ ధ్రువీకరణ పత్రం, పాత పాసు పుస్తకం, వారసులందరి ఆధార్ కార్డులు దగ్గర పెట్టుకుని మీసేవలో భూభారతి (రాష్ట్ర భూ రికార్డుల పోర్టల్) దరఖాస్తు చేయించండి. తహసీల్దారు వారసులందరికీ నోటీసులిచ్చి విచారణ జరుపుతారు. మీ ప్రశ్నలో అమ్మ గురించి, అక్కచెల్లెళ్ల గురించి ఒక్క మాట లేదు. వారికీ హక్కుంది. మా ఇంట్లో ఆలస్యమైంది కాగితాల వల్ల కాదు, ఈ విషయం దగ్గరే. పెళ్లయి వెళ్లిన అక్కను ఏమీ అడగకుండానే సంతకం పెట్టమన్నారు మా పెద్దలు. ఆమె నొచ్చుకుంది, సంతకం పెట్టలేదు. ఆమెను పిలిచి, ఆమెకు ఏం దక్కాలో అందరం కూర్చుని తేల్చుకున్నాకే పని కదిలింది.

ఎకరాకు 40 గుంటలు కాబట్టి, సీజనుకు ఎకరాకు 6 వేలంటే గుంటకు 150 రూపాయలు. మీ భూమి మొత్తానికి 21 వేలు. ఎవరి పేరున ఎన్ని గుంటలు ఎక్కితే వారి ఖాతాలో అంత జమవుతుంది. మేము కొంత భూమి అమ్మ పేరున ఉంచాం. మందులకు ఆమె ఎవరినీ అడగక్కర్లేకుండా పోయింది. మీరూ ఆలోచించండి.

కొత్త పాసు పుస్తకం రాగానే దాని నకలు, ఆధార్, బ్యాంకు పుస్తకం నకళ్లు రైతు వేదికలో ఏఈవోకు (వ్యవసాయ విస్తరణ అధికారికి) ఇవ్వండి. సీజనుకో గడువు పెడతారు. ఆలోగా పుస్తకం చేతికి రాకపోతే ఆ సీజను పోయినట్టే. డబ్బు తక్కువ ఎకరాల వారితో మొదలుపెట్టి పైకి వేస్తూ వస్తారు కాబట్టి, పక్కింటివారికి ముందు పడిందని కంగారుపడకండి.

పీఎం కిసాన్ సంగతి వేరు. 2019 ఫిబ్రవరి 1 తర్వాత భూమి కొన్నవారికి అది రాదు. వారసత్వంగా వచ్చినవారికి మినహాయింపు ఉంది, కొత్తగా నమోదు చేసుకుని ఈకేవైసీ పూర్తి చేయాలి. ఈ డబ్బు ఆధార్‌కు ముడిపడిన ఖాతాకే వెళుతుంది. మా తమ్ముడి 2 వేలు వాడకం మానేసిన పాత ఖాతాలో పడ్డాయి. ఏ ఖాతాకు అనుసంధానమైందో బ్యాంకులో ముందే కనుక్కోండి.

నాన్నగారి ఏటీఎం కార్డుతో తీసుకుంటూ ఉంటే సరిపోతుందని ఎవరో చెప్పారన్నారు. దయచేసి ఆ పని చేయవద్దు. చనిపోయినవారి పేరున తీసుకున్న సొమ్ము తిరిగి కట్టమంటారు, మీ దరఖాస్తుకూ అది అడ్డం పడుతుంది.

నాన్నగారి వయసు మీరు రాయలేదు. 18 నుంచి 59 ఏళ్ల మధ్య పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా రైతు బీమా కింద నామినీకి 5 లక్షలు వస్తాయి. మా నాన్నకు అరవై దాటడం వల్ల మాకు రాలేదు. మీకు వర్తిస్తే, విరాసత్ కోసం ఆగకుండా రేపే మరణ ధ్రువీకరణ పత్రం పట్టుకుని ఏఈవోను కలవండి.