చేనూ చెలకా: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: గాల్లో 78 శాతం నత్రజనే అని మా అబ్బాయి సైన్స్ పుస్తకంలో ఉందండీ, మరి మేం డబ్బు పోసి యూరియా ఎందుకు కొనాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి దగ్గర

గాల్లో నత్రజని రెండేసి పరమాణువులు గట్టిగా అతుక్కుని ఉంటుందమ్మా, వాటిని విడగొట్టే శక్తి మొక్కకి లేదు. కొంచెం మెరుపులు చేస్తాయి, చాలావరకు బ్యాక్టీరియా చేస్తుంది, 1913 నుంచి గాల్లో నత్రజనిని అమ్మోనియాగా మార్చే హేబర్-బాష్ పద్ధతిలో ఫ్యాక్టరీలూ చేస్తున్నాయి, మీరు కొనే యూరియా అలా వచ్చిందే. మీ వైపు వరి కోతకి రెండు మూడు రోజుల ముందు చేలో మినుము చల్లుతారు కదా, పూత టైంలో ఒక మొక్కని వేళ్ళు తెగకుండా తవ్వి తీసి వేరు మీది బుడిపెని గోటితో చిదమండి. లోపల గులాబీ రంగు కనిపిస్తే, గాల్లో నత్రజనిని మొక్కకి అందించే రైజోబియం అనే బ్యాక్టీరియా పనిలో ఉన్నట్టే, ఆకుపచ్చగా ఉంటే దాని పని అయిపోయినట్టు. మీ అబ్బాయికీ చూపించండి, పుస్తకంలో బొమ్మకంటే బాగా గుర్తుంటుంది.

ప్రశ్న: పక్కవాళ్ళు వేస్తున్నారని నేనూ సార్వాకి (వానాకాలం వరికి) ఎకరానికి మూడు కట్టల (బస్తాల) పైనే యూరియా వేస్తున్నానండీ. చేను నల్లగా ఏపుగా వస్తుంది, కానీ ఏటా దోమపోటే. మా డ్రెయిన్‌లో ఒకప్పుడు పరిగె చేపలు బుట్టలతో పట్టేవాళ్ళం, ఇప్పుడు గుర్రపు డెక్క తప్ప ఏం లేదు. ఈ రెండిటికీ ఏమైనా సంబంధం ఉందా?
– ఒక రైతు, గుడివాడ వైపు

ఉందండీ, రెండూ ఆ యూరియా కట్ట దగ్గరే మొదలవుతున్నాయి. నిలవ నీళ్ళలో చల్లిన యూరియాలో వరికి అందేది మామూలుగా సగం కూడా ఉండదు. పగలు నీళ్ళలో నాచు పెరిగేకొద్దీ క్షారగుణం పెరిగి కొంత అమ్మోనియాగా గాల్లోకి లేచిపోతుంది, కొంత నైట్రేట్ అయ్యి గాలాడని బురదలోకి దిగి అక్కడి బ్యాక్టీరియా వల్ల మళ్ళీ నత్రజని వాయువైపోతుంది, మిగతాదాంట్లో కొంత నీళ్ళు వదిలినప్పుడల్లా డ్రెయిన్‌లోకి పోతుంది, అక్కడ గుర్రపు డెక్కకి అదే మేత. డెక్క కమ్మేస్తే కింద వెలుతురుండదు, కుళ్ళితే నీళ్ళలో ఆక్సిజన్ తగ్గిపోతుంది. కొరమీను, మట్టగిడస పైకొచ్చి గాలి పీల్చుకుని బతుకుతాయి, పరిగెలు అలా బతకలేవు. డెల్టా డ్రెయిన్లు చాలా కొల్లేరులో కలుస్తాయి, అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల పట్టిక అయిన రామ్‌సార్ జాబితాకి 2002లో ఎక్కిన సరస్సది. అయితే అక్కడి పరిస్థితికి చేపల చెరువులూ ఊళ్ళ మురుగూ కూడా కారణమే, తప్పంతా వరి రైతు మీద తోసేయడం నాకు ఇష్టం లేదు.

ఇక దోమపోటు, అంటే వరి దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చే సుడిదోమ సంగతి. నత్రజని ఎక్కువైన మొక్క రసం దోమకి బాగా పడుతుంది, గుడ్లూ ఎక్కువ పెడుతుంది. మీరు భయపడి తొందరపడి మందు కొడతారు, దోమకంటే ముందు సాలీళ్ళూ దోమ గుడ్లు తినే మిరిడ్ నల్లులూ చచ్చిపోతాయి, తర్వాత వచ్చే దోమకి అడ్డే ఉండదు, మళ్ళీ మందు. ఏటా మీ చేలో జరుగుతున్నది చాలావరకు ఇదే.

ఈసారి ఇలా చెయ్యండి. నాట్లకి ముందు జీలుగ గానీ జనుము గానీ చల్లి పూతకొచ్చినప్పుడు కలియదున్నండి, వాటిలోని నత్రజని మట్టికి చేరుతుంది కాబట్టి యూరియా ఆ మేరకు తగ్గించుకోవచ్చు. మిగతాది ఒకేసారి కాకుండా దమ్ములో, పిలకల టైంలో, అంకురం (దుబ్బు లోపల కంకి మొదలయ్యే) టైంలో వెయ్యండి. నీళ్ళు తీసేసి బురద పదునులో చల్లి 36 నుంచి 48 గంటలయ్యాక పలచగా నీళ్ళు పెట్టండి. నాటేటప్పుడే ప్రతి రెండు మీటర్లకీ ఒక కాలిబాట వదలండి, గాలీ వెలుతురూ దుబ్బు మొదట్లోకి వెళ్తాయి. మందు డబ్బా తీసే ముందు పొద్దున్నే చేలోకి దిగి దుబ్బులు తట్టి నీళ్ళలో పడినవి చూడండి, దోమలతో పాటు సాలీళ్ళూ మిరిడ్లూ బాగా ఉంటే ఆ వారం మందు ఆపి, మళ్ళీ నాలుగు రోజులకి చూడండి.