ప్రాక్టీస్‌లో నిలబడే జంప్ పోటీలో ఎందుకు నిలబడదు?

ప్రశ్న: మా అమ్మాయికి 13 ఏళ్లు. ఫిగర్ స్కేటింగ్‌లో ట్రిపుల్ జంప్‌లు చేస్తుంది. ప్రాక్టీస్ చూస్తే ముచ్చటేస్తుంది. పోటీల్లో మాత్రం ఒకసారి మొదటి స్థానం, ఇంకోసారి పదకొండోది. తనతో నేర్చుకునే మరో పాప ఇంతకన్నా తేలిక జంప్‌లు చేసినా ఎప్పుడూ మొదటి ఐదుగురిలో ఉంటుంది. మా పాపకు మనోధైర్యం తక్కువేమో! బడి మాన్పించి పూర్తిగా దీని మీదే పెట్టాలా, ఆపించేయాలా?

జవాబు: రెండూ వద్దు. ధైర్యం సంగతి కూడా కాసేపు పక్కన పెట్టండి. పిల్ల పడగానే ‘టెన్షన్ పడింది’ అనేస్తాం. ఆ మాట అనుకున్నాక అసలు కారణం ఎవరూ వెతకరు.

ట్రిపుల్ జంప్‌లో గాల్లో ఉండేది సెకనులో సగం పైచిలుకు. ఆ కాస్తలో మూడు చుట్లు పూర్తవ్వాలి. ఎత్తుగా ఎగిరి, చుట్లు ముందే ముగించుకునే వాళ్లకు కాస్త వెసులుబాటు మిగులుతుంది. చిన్న తేడా వచ్చినా సర్దుకుంటారు. చివరి క్షణంలో చుట్టు ముగించి దిగేవాళ్లు కాళ్లు తాజాగా ఉన్నప్పుడు బాగానే దిగుతారు. ప్రోగ్రామ్ (సంగీతానికి చేసే మొత్తం ప్రదర్శన) సగం దాటాక, ఊపిరి అందనప్పుడు అదే జంప్ తప్పుతుంది. రెండూ ప్రాక్టీస్‌లో చూసేవాళ్లకు ఒకేలా కనిపిస్తాయి. మీ పాపది ఏ రకమో కోచ్‌ని సూటిగా అడగండి.

ఇంకో లెక్క కూడా చూడాలి. ప్రాక్టీస్‌లో జంప్ పోతే వెనక్కి వెళ్లి మళ్లీ చేస్తారు. నాలుగోసారి నిలబడితే ‘వచ్చేసింది’ అనుకుంటారు. పోటీలో నాలుగోసారి ఉండదు. పైగా ఆరు నిమిషాల వార్మప్ అయ్యాక, ఆ గుంపులో చివర వచ్చే స్కేటర్ తన వంతు కోసం అరగంటకు పైగా ఎదురు చూడాల్సి రావచ్చు. కాబట్టి కొన్ని వారాలు ఒకటే రాయించండి: సంగీతంతో ప్రోగ్రామ్ మొదటి నుంచి చివరి దాకా ఆగకుండా చేసినప్పుడు, మొదటి ప్రయత్నంలోనే నిలబడినవి ఎన్ని? ఆ లెక్కే పోటీ ఫలితాలకు దగ్గరగా ఉంటుంది. నిలకడగా ఆడేవాళ్లు చాలామంది ఈ పూర్తి రన్‌త్రూలను తప్పించుకోరు. మధ్యలో జంప్ పోయినా సంగీతం ఆపరు. పోయిన కాంబినేషన్‌ను, అంటే వెంటవెంటనే చేసే జంప్‌ల వరుసను, తర్వాత ఏ జంప్‌కు కలపాలో ముందే సాధన చేసి ఉంటారు.

ఆ రెండో పాపను తక్కువ అంచనా వేయకండి. కిందపడితే ఆ జంప్‌కు నాణ్యత మార్కు సాధారణంగా అట్టడుగుకు, అంటే మైనస్ 5కు పడిపోతుంది. దాని పైన మరో పాయింట్ కోత. చక్కగా దిగితే అదే మార్కు ప్లస్ 5 దాకా పోవచ్చు. జపాన్ స్కేటర్ కావోరి సకమోటో ట్రిపుల్ ఆక్సెల్ (మూడున్నర చుట్ల జంప్) గానీ, నాలుగు చుట్ల జంప్ గానీ లేకుండానే 2022, 2023, 2024లో వరుసగా ప్రపంచ చాంపియన్ అయింది. వేగం, ఎత్తు, నాణ్యత ఆమె పెట్టుబడి. ఈ సీజన్‌కు మీ పాప ప్రోగ్రామ్‌లో కష్టమైన జంప్ ఒకటి తగ్గించినా నష్టం లేదు.

వయసు కూడా చూడండి. 13 ఏళ్లప్పుడు ఎత్తు, కాళ్ల పొడవు, బరువు అన్నీ మారుతుంటాయి. నిన్నటి దాకా కుదిరిన టైమింగ్ ఈరోజు కుదరదు. సీనియర్ అంతర్జాతీయ పోటీలకు కనీస వయసును కూడా దశలవారీగా 17కి పెంచారు కాబట్టి తొందరేమీ లేదు. బూటు మెత్తబడిందేమో, బ్లేడ్ సరిగ్గా బిగించి ఉందో లేదో కూడా చూపించండి.

ఇక టెన్షన్. అది ఉండదని అనను. 2018 ఒలింపిక్స్‌లో అమెరికా స్కేటర్ నేథన్ చెన్ పోటీలో మొదటి భాగమైన షార్ట్ ప్రోగ్రామ్‌లో జంప్‌లు పోగొట్టుకుని 17వ స్థానంలో పడ్డాడు. మర్నాడు రెండో భాగమైన ఫ్రీ స్కేట్‌లో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుని మొత్తం మీద అయిదో స్థానానికి వచ్చాడు. ఒక్క రాత్రిలో మనిషి మారిపోలేదు కదా! ఆ ఏడాదే యేల్ యూనివర్సిటీలో చేరాడు, 2019లో అక్కడ చదువుతూనే ప్రపంచ టైటిల్ గెలిచాడు, 2022లో ఒలింపిక్ స్వర్ణం అందుకున్నాడు.

అందుకే బడి మాన్పించవద్దు. ఐస్ సమయానికి తగ్గట్టు టైమ్‌టేబుల్ సర్దమని స్కూల్‌ని అడగండి. పూర్తి ప్రోగ్రామ్‌ల లెక్క రాస్తూ రెండు సీజన్లు గడవనివ్వండి. అప్పటికి ఎదుగుదల కొంత కుదురుకుంటుంది, మీ చేతిలో అంకెలూ ఉంటాయి. అప్పుడు కూడా పోటీలు వద్దనుకుంటే కోచింగ్, కొరియోగ్రఫీ, ఐస్ షోలు, జంప్‌లను గుర్తించే టెక్నికల్ స్పెషలిస్ట్ పని ఉన్నాయి. ఈలోగా ఆ రెండో పాప పేరు మాత్రం ఇంట్లో ఎత్తకండి.