అమ్మకు వచ్చిన డిప్రెషన్ నాకూ వస్తుందా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. మా అమ్మ చాలాకాలం డిప్రెషన్‌తో బాధపడింది, ఇప్పుడు మందులతో బాగానే ఉంది. నేను ఆరు నెలలుగా ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తున్నాను. పొద్దున ఏమీ తినను, కాఫీలతో గడిపేస్తాను. రాత్రి ఒంటిగంట దాకా ఫోనే. చిన్నదానికే చిరాకు. ‘తిండి సరిచేసుకో, అన్నీ సర్దుకుంటాయి’ అంటారు మావారు. తిండితో డిప్రెషన్ రాకుండా ఆపొచ్చా?

జవాబు: మీవారి మాటలో సగం నిజం ఉంది అనుకోండి. తల్లిదండ్రుల్లో ఒకరికి డిప్రెషన్ ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం రెండు మూడు రెట్లు పెరుగుతుంది. అలాగని తప్పకుండా వస్తుందని కాదు, అలాంటి ఇళ్లలోనూ చాలామందికి రాదు. రాకుండా ఏ ఆహారమూ గ్యారంటీ ఇవ్వదు గానీ, ముప్పు తగ్గించుకునే దారులు మీ చేతిలో ఉన్నాయి.

2017లో ఆస్ట్రేలియా పరిశోధకులు డిప్రెషన్ ఉన్న 67 మందితో ఒక ప్రయోగం చేశారు. కొందరికి 12 వారాలు కూరగాయలు, పండ్లు, పప్పుధాన్యాలు, చేపలు, గింజలు ఎక్కువగా, తీపి, ప్యాకెట్ తిండి తక్కువగా తినేలా నేర్పారు. మిగతావారికి అన్నిసార్లూ కూర్చుని కబుర్లు చెప్పే తోడు మాత్రం ఇచ్చారు. తిండి మార్చినవాళ్లలో దాదాపు మూడోవంతు మంది డిప్రెషన్ నుంచి బయటపడ్డారు, రెండో గుంపులో 8 శాతమే. 67 మంది చిన్న సంఖ్యే. పైగా వాళ్లలో చాలామంది అప్పటికే చికిత్స తీసుకుంటున్నారు. తిండి మందుకు తోడు, మందుకు బదులు కాదు. అమ్మగారి మాత్రలు మాత్రం ఎవరో చెప్పారని ఆపనివ్వకండి.

మీరు తిండి గురించి అడిగారు. నాకు మాత్రం మీ ఉత్తరంలో ఆ ఒంటిగంటే కనిపిస్తోంది. రాత్రి నిద్ర చాలదు, అందుకని పొద్దున కాఫీ. ఆకలి చచ్చిపోతుంది. మధ్యాహ్నం లాప్‌టాప్ పక్కన ప్లేటు, ఏం తిన్నారో కూడా గుర్తుండదు. సాయంత్రానికి నీరసం, మళ్లీ కాఫీ. నాలుగింటికి తాగిన కాఫీలోని కెఫీన్ రాత్రి తొమ్మిదింటికి కూడా దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది. ఇక నిద్రెలా పడుతుంది?

అందుకే ముందు ఒక్కటి చేయండి. ఫోను పక్క గదిలో చార్జింగ్ పెట్టి పడుకోండి. అలారం కోసమే అంటారా, మామూలు గడియారం కొనుక్కోండి. సెలవు రోజైనా ఒకే సమయానికి లేవండి. లేచిన గంటలోపు బయటి వెలుతురులో అరగంట నడవండి, వారానికి ఐదు రోజులు చాలు. నడవాలనిపించేదాకా ఆగకండి. మూడ్ బాగుంటే నడుద్దామనుకుంటే ఆ రోజు రాదు, నడిచాకే మూడ్ కాస్త కదులుతుంది.

వచ్చి గుడ్డో, పప్పో, గింజలో, ప్రొటీన్ ఉన్నదేదైనా తినండి. కాఫీ తిన్న తర్వాతే, మధ్యాహ్నం దాటాక వద్దు. టెన్షన్ తగ్గుతుందని మద్యం అలవాటు చేసుకోవద్దు, అది నిద్రనూ మూడ్‌నూ రెండింటినీ చెడగొడుతుంది.

విటమిన్ మాత్రలు మీ అంతట మీరు కొనకండి. థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోండి. బద్ధకం అని తమను తామే తిట్టుకునేవాళ్లలో కొందరికి అసలు సమస్య థైరాయిడ్ అని తేలుతుంటుంది. మాంసం, గుడ్లు, పాలు ముట్టనివాళ్లకు బి12 తగ్గడం మామూలే.

దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటి రోజూ ఉంటే, తిండి, నడక అంటూ ఆగకుండా డాక్టర్ దగ్గరకు వెళ్లండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు కాదు, అదే రోజు.

ఇంకొకటి. అమ్మగారికి ఈ జబ్బు గురించి మీకంటే ఎక్కువ తెలుసు. నడకకు ఆమెనూ తీసుకెళ్లి, ‘మొదట్లో నీకెలా ఉండేదమ్మా? ముందు ఏది తగ్గింది, నిద్రా, ఆకలా?’ అని అడగండి. మీరు దేన్ని కనిపెట్టుకుని ఉండాలో ఆమె చెప్పగలరు.