మా అబ్బాయి విమానం గడ్డిలోకి ఎందుకు పోయింది?

ప్రశ్న: మా వాడు పైలట్ ట్రైనింగ్‌లో ఉన్నాడు. మొన్న ఒక్కడే చెస్నా 172 దింపుతుంటే అది బంతిలా మూడుసార్లు ఎగిరెగిరి పడి, రన్‌వే పక్కన గడ్డిలోకి పోయిందట. దెబ్బలేమీ తగల్లేదు కానీ నాకు ఒకటే టెన్షన్. తప్పు వాడిదేనా సార్?
- ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, బాబు క్షేమంగా ఉన్నాడు, ముందు మీరు కడుపునిండా తిని నిద్రపోండి. విమానంలో లోపం ఏమైనా ఉందా అన్నది చూసినవాళ్లే చెప్పాలి, కానీ మీరు రాసినట్టు జరగడం మాత్రం నేర్చుకునేవాళ్లలో కొత్తేమీ కాదు.

భద్రకాళి చెరువు గట్టు మీద కొంగ వాలడం చూసే ఉంటారు, రెక్కలు బాగా విప్పి, వేగమంతా గాలిలోనే పోగొట్టుకుని, అప్పుడు కాళ్లు ఆనిస్తుంది. చిన్న విమానం కూడా అలాగే దిగాలి. చెస్నా 172 రన్‌వే దగ్గరికి సుమారు 65 నాట్లతో, అంటే గంటకు 120 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. ఇంకో పది నాట్లు ఎక్కువగా వస్తే రెక్కలు ఇంకా మోస్తూనే ఉంటాయి, అది నేలకి దిగదు. రన్‌వే అయిపోతోందని కంగారుపడి ముక్కు కిందికి నొక్కితే ముందు చక్రం ముందుగా తగిలి విమానం పైకి లేస్తుంది, మళ్లీ నొక్కుతారు, ఈసారి ఇంకా గట్టిగా తగులుతుంది. ముందు చక్రం కాలు విరిగేది, ప్రొపెల్లర్ నేలకి కొట్టుకునేది ఇలాంటప్పుడే.

ఇక గడ్డిలోకి పోవడం అంటారా, పక్కగాలి ఉంటే అది నిలువు తోకని నెట్టి ముక్కుని గాలి వైపు తిప్పేస్తుంది. నేల మీద విమానాన్ని తిప్పేది కాళ్లతో, రడ్డర్ పెడల్స్ తొక్కి. కారు అలవాటు ఉన్నవాళ్లు కంగారులో చేతిలోని చక్రం తిప్పుతారు, దానివల్ల విమానం దారికి రాదు. ఇంకొందరు చక్రాలు ఆనగానే హమ్మయ్య అని కాళ్లు వదిలేస్తారు, అది ఇంకా ప్రమాదం.

నన్నడిగితే, చెడిపోయిన ల్యాండింగ్‌ని బాగుచేయాలని చూడకూడదు. మొదటిసారి గట్టిగా ఎగిరినప్పుడే పూర్తి పవర్ ఇచ్చి, ముక్కు ఎడమకి లాగుతుంది కాబట్టి కుడి పెడల్ తొక్కి, ఫ్లాప్స్‌ని, అంటే దిగేటప్పుడు రెక్కల వెనక కిందికి దించిన పలకల్ని, కొంచెం కొంచెంగా పైకి తీసేస్తూ మళ్లీ పైకి వెళ్లిపోవాలి. దీన్నే గో-అరౌండ్ అంటారు, ఇందులో నామోషీ ఏమీ లేదు.

వాణ్ణి తిట్టకండి. ఎంత వేగంతో వచ్చావు, కాళ్లు ఎక్కడున్నాయి, పైకి వెళ్లిపోదామని ఎప్పుడనిపించింది అని మాత్రం అడగండి. మళ్లీ ఒంటరిగా ఎగిరేముందు, పక్కగాలి ఉన్న రోజే ఇన్‌స్ట్రక్టర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఓ పది ల్యాండింగ్‌లు, నాలుగైదు గో-అరౌండ్‌లు చేయమనండి.