దేశీ కంపెనీయా, విదేశీ కంపెనీయా? ముందు ఆఫర్ లెటర్ చదవండి

పాలకొల్లు దగ్గర నుంచి ఒక తండ్రి అడిగారు: "మావాడు డిప్లొమా మెకానికల్ పూర్తి చేశాడు. ఒక విదేశీ కార్ల కంపెనీలో కాంట్రాక్టరు ద్వారా పని ఉందంటున్నారు. ఒక దేశీ కంపెనీ ట్రైనీగా తీసుకుంటానంటోంది. దేశీ బండ్లకు క్వాలిటీ ఉండదు, పేరూ ఉండదు అంటారు కదా. మా బావమరిదేమో ఇవేవీ వద్దు, హైదరాబాద్‌లో ఈవీ (ఎలక్ట్రిక్ బండ్ల) కోర్సు చేయించమంటున్నాడు. మాకు రొయ్యల చెరువు, ఒక మహీంద్రా ట్రాక్టరు ఉన్నాయి. ఏది మంచిది?"

ఈ ప్రశ్న భీమవరం నుంచీ అమలాపురం నుంచీ ఏటా వస్తూనే ఉంటుందండీ. అడిగేది క్వాలిటీ గురించే గానీ లోపలి టెన్షన్ వేరు. రేపు ఏ పెళ్ళిలోనో "అబ్బాయి ఎక్కడ చేస్తున్నాడండీ?" అంటే చెప్పుకోడానికి పేరు బాగుండాలి. ఆ ఆశ తప్పని అనను.

కానీ ఈ దేశీ, విదేశీ లెక్క మీరు అనుకున్నంత తేలిక కాదు. మారుతి మన బండే అనుకుంటాం, అందులో సగానికి పైగా వాటా జపాన్ సుజుకీది. ఇంగ్లండు దర్జా ఒలకబోసే జాగ్వార్, ల్యాండ్ రోవర్‌లను 2008లో టాటాలు కొనేశారు. కొరియా కంపెనీ కియా కార్లు 2019 నుంచి మన పెనుకొండలోనే తయారవుతున్నాయి.

క్వాలిటీ మాటకొస్తే మీ అనుమానం ఊరికే వచ్చింది కాదు. తలుపు సందు పైన ఒకలా, కింద ఒకలా ఉండడం, డాష్‌బోర్డు గలగలలాడడం, స్క్రీను మధ్యలో ఆగిపోవడం లాంటి ఫిర్యాదులు దేశీ బండ్ల మీద ఎక్కువగా విన్నాం, ఇప్పటికీ వింటున్నాం. నాదీ దేశీ కారే. కొన్న మొదటి వానాకాలం, రావులపాలెం దాటేసరికి కాళ్ళ కింద మ్యాట్ తడిసి ముద్దయింది. సర్వీసువాళ్ళు మూడుసార్లు చూసి, ఆఖరికి తలుపు రబ్బరు బీడింగ్ మార్చారు.

అయితే గుద్దితే ఏమవుతుందన్న లెక్క వేరు. కార్లను గుద్దించి చూసి, భద్రతకు ఐదు దాకా స్టార్లిచ్చే సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్. 2014లో అది మన దగ్గర అమ్మే ఐదు చిన్న కార్లను పరీక్షిస్తే ఐదింటికీ సున్నా స్టార్లే. వాటిలో టాటా నానో ఉంది, ఎయిర్‌బ్యాగులు లేని జర్మన్ పోలో కూడా ఉంది. 2018లో టాటా నెక్సాన్‌కి ఐదు స్టార్లొచ్చాయి. 2020లో మహీంద్రా ఎక్స్‌యూవీ 300కి ఐదు వస్తే, కియా సెల్టోస్‌కి మూడే వచ్చాయి. అయినా మీ పెరట్లో ట్రాక్టరుందిగా! ఏటా దమ్ము చక్రాలు బిగించి ఇరుసులదాకా బురదలో దింపుతారు. అది దేశీ కంపెనీదే కదండీ. అప్పుడు రాని అనుమానం కొడుకు ఉద్యోగం దగ్గరే వచ్చిందా?

పేరు చూసి ఉద్యోగం గట్టిదనుకోకండి. అమెరికా కంపెనీ జనరల్ మోటార్స్ 2017తో ఇక్కడ అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021లో కార్ల తయారీ ఆపుతున్నట్టు చెప్పింది. అంతకన్నా పెద్ద పేర్లేమున్నాయి?

ఇక ఈవీ కోర్సు. ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ కిందట క్యాడ్ (కంప్యూటర్‌లో డిజైన్ గీసే) కోర్సుల మోజులో చాలామంది పిల్లల్ని నేనే హైదరాబాద్ బస్సెక్కించాను. సర్టిఫికెట్లు వచ్చాయి, అమీర్‌పేట హాస్టళ్ళ అద్దెలూ పెరిగాయి. చాలామంది మళ్ళీ ఫ్యాక్టరీ అసెంబ్లీ లైన్ మీద పనికే వెళ్ళారు. ఈవీ నిజంగానే పెరుగుతోంది, నేను కాదనను. కానీ మూడు నెలల్లో నేర్పేదేమిటి? బ్యాటరీ ప్యాక్ ముట్టుకోవాలంటే వందల వోల్టుల కరెంటుతో పని. ఇన్సులేటెడ్ గ్లవ్స్ వేసుకుని, సప్లై ఎలా ఆపాలో, ఆగిందని మీటరుతో ఎలా తేల్చుకోవాలో చేతికి రావాలి. అది నిజం బండి మీద వస్తుంది, స్లైడ్ల మీద రాదు. అక్కడ విప్పి చూపించే బ్యాటరీ ప్యాక్ ఒక్కటైనా ఉందేమో మీ బావమరిదిని అడగండి. లేకపోతే ఆ డబ్బు చెరువు మేతకు వాడుకోండి.

మిగిలినవి రెండు ఆఫర్లు. లెటర్ మీద ఎవరి పేరుందో చూడండి, కంపెనీదా, కాంట్రాక్టరుదా? ఎన్నాళ్ళకి? పీఎఫ్ ఎవరు కడతారు? అప్రెంటిస్ అని ఉంటే, శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టంలో లేదు. ఫ్యాక్టరీలో ఏ షాపులో, అంటే ఏ విభాగంలో, వేస్తారో కూడా అడగండి. ఏళ్ళ తరబడి ఒకే బోల్టు బిగించేవాడికన్నా, బాడీ షాపులో వెల్డింగ్ రోబోల మెయింటెనెన్స్ చూసినవాడికి రేపు ఎక్కడికెళ్ళినా గిరాకీ ఉంటుంది. మీరు చెప్పినదాన్ని బట్టి నేను ట్రైనీ వైపే మొగ్గుతాను, లెటర్ కంపెనీ పేరు మీదే ఉంటే. ఏడాది చేసి నచ్చకపోతే మారొచ్చు. ఈ వయసులో ఏడాది పోయినంత మాత్రాన కొంప మునగదు, మీరు నిద్ర పాడుచేసుకోకండి.

ఒక్క మాట. ఇంత పెద్ద ఉత్తరంలో బావమరిది ఉన్నాడు, చెరువుంది, ట్రాక్టరుంది. అబ్బాయి ఏమంటున్నాడో ఒక్క ముక్క లేదు. రెండు లెటర్ల ఫొటోలూ పంపండి. ఈసారి ప్రశ్న మాత్రం వాణ్ణే రాయనివ్వండి.